స్క్రూడ్రైవర్ అక్కర్లేని బల్బు హోల్డర్ – డిజైన్ మీద మీ మాట చెప్పండి

బాలానగర్_మౌల్డ్

అందరికీ నమస్కారం. బాలానగర్‌లో చిన్న మౌల్డింగ్ షాపు మాది. ఇప్పటిదాకా వేరేవాళ్ళకి స్విచ్ ప్లేట్లు, సీలింగ్ రోజ్ మూతలు పోసి ఇవ్వడమే పని. ఈసారి సొంతంగా ఒక ఐటమ్ చేద్దామని బ్యాటన్ హోల్డర్ (సీలింగ్‌కో గోడకో నేరుగా బిగించే బల్బు హోల్డర్) ఎంచుకున్నాం. మామూలు బి22, అంటే మన ఇళ్ళల్లో ఉండే నొక్కి తిప్పే రకమే.

ఇప్పుడు దొరికే హోల్డర్లలో ప్లంజర్ (బల్బుకి తగిలే స్ప్రింగు పిన్ను) వెనకాల ఒక ఇత్తడి ముక్క, దానికో బెజ్జం, పక్కన బుల్లి స్క్రూ ఉంటాయి. వైరు దూర్చి స్క్రూ బిగించాలి. బల్ల మీద పెట్టుకుని చేస్తే ఇందులో ఇబ్బందే లేదు. స్టూలెక్కి, మెడ వెనక్కి వాల్చి, పైనుంచి దుమ్ము కళ్ళల్లో పడుతుంటే ఆ స్క్రూ వదులు చేయబోతాం, అది ఒక చుట్టు ఎక్కువ తిరిగి మంచం కిందకి పోతుంది. చౌక రకాల్లో ఇంకోటి, స్క్రూతో పాటు ఇత్తడి ముక్క కూడా గిర్రున తిరుగుతుంది.

నా డిజైన్‌లో స్క్రూ లేదు, స్ప్రింగ్ టెర్మినల్ పెట్టాను. వైరు కొన 11 మి.మీ. ఒలిచి నెట్టడమే. తీయాలంటే పక్కనున్న బటన్ నొక్కాలి. ఫేజ్‌కి రెండు బెజ్జాలు, న్యూట్రల్‌కి రెండు. బాడీ మొత్తం పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్. ధర పాతవాటికంటే పది, పన్నెండు రూపాయలు ఎక్కువ పడేలా ఉంది. డై (అచ్చు) కొట్టించాక తెలిసి లాభం లేదు కాబట్టి ఇప్పుడే తిట్టండి, మొహమాటం వద్దు.

వైర్‌మ్యాన్_తెనాలి

తిట్టమన్నారు కాబట్టి మొదలెడతానండి. మీరు ఒంటితీగ వైరుతో ట్రయల్ చేసుంటారు. గట్టి రాగి తీగ అయితే స్ప్రింగుని తోసుకుని నేరుగా లోపలికి పోద్ది, ఆ మాట నిజమే. కానీ ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా పైపుల్లో లాగేది మల్టీస్ట్రాండ్. ఆ సన్న పోగుల్ని స్ప్రింగు మీదకి నెడితే చీపురు పుల్లల్లా విచ్చుకుంటాయి. నాలుగు పోగులు లోపలికి, రెండు బయటికి. బయటికొచ్చిన ఆ రెండు పక్క టెర్మినల్‌కి తగిలితే బోర్డులో ఎంసీబీ (షార్టయితే దానంతటదే పడిపోయే స్విచ్) ఠప్‌మంటది.

పోనీ బటన్ నొక్కి పట్టుకుని దూరుద్దామంటే ఒక చెయ్యి హోల్డర్‌కి, ఇంకో చెయ్యి వైరుకి, మరి బటన్‌కి మూడో చెయ్యి ఎక్కడి నుంచి తేవాలి? స్క్రూ అయితే కనీసం స్క్రూడ్రైవర్ నోట్లో పట్టుకోవచ్చు.

ఎంసీబీ_రావు

నా పేరు లాగారు కాబట్టి వచ్చాను. పోగులు మెలేసి కొనకి కాస్త సోల్డర్ పూస్తే గట్టిపడతాయి కదా, అప్పుడు నెట్టొచ్చుగా?

మాస్టారు_ఏలూరు

రావుగారూ, ఆ పని మాత్రం చేయకండి. ఐటీఐలో నా దగ్గరికొచ్చిన ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న అడిగేవాడు ఒకడుండేవాడు. సోల్డర్ మెత్తటి లోహం. ఒత్తిడి కింద పెట్టి వదిలేస్తే నెమ్మదిగా పక్కలకి జారిపోతుంది. ఇవాళ గట్టిగా ఉన్న స్క్రూ కొన్ని నెలలకి వదులవుతుంది, అక్కడ వేడి మొదలవుతుంది, ఆ వేడికి అది ఇంకా మెత్తబడుతుంది. స్ప్రింగ్ టెర్మినల్ కొంత సర్దుకుంటుంది గానీ దానికీ మంచి పద్ధతి కాదు. పోగుల వైరుకి సరైన మందు పిన్ లగ్గు. రాగి గొట్టంలో పోగులన్నీ దూర్చి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కాలి. అయితే హోల్డర్ మార్చడానికి స్టూలెక్కినవాళ్ళ దగ్గర లగ్గులూ క్రింపింగ్ ప్లయరూ ఉంటాయా? ఉండవు. కాబట్టి లగ్గు లేకుండానే పోగుల వైరు పట్టే టెర్మినల్ ఉండాలి.

బాలానగర్ తమ్ముడూ, బటన్ బదులు లివర్ పెట్టు. లివర్ పైకెత్తితే స్ప్రింగు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది, చెయ్యి వదిలేయొచ్చు. తీరిగ్గా వైరు దూర్చి లివర్ దించితే సరి. జంక్షన్ బాక్సుల్లో వాడే లివర్ కనెక్టర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతున్నాయి, ఒకటి కొని విప్పి చూడు. లోపల రెండే రెండు ముక్కలు. కరెంటు మోసేది తగరం పూత వేసిన రాగి పట్టీ, వైరుని దానికి అదిమి పట్టేది స్టీలు స్ప్రింగు. ఆ రెండు పనులూ ఒకే ముక్కతో చేయించాలని చూసేవాళ్ళే చెడగొట్టుకుంటారు.

బాలానగర్_మౌల్డ్

లివర్ సంగతి ఆలోచించాను సార్, ఎత్తు పెరుగుతుందని వదిలేశాను. బేస్ వ్యాసం పెంచి లివర్లని పడుకోబెడితే సరిపోవచ్చేమో, ఈ రాత్రి డ్రాయింగులో చూస్తాను.

సరిత_కరీంనగర్

నేను ఎలక్ట్రీషియన్ని కాను. మా ఇంట్లో హోల్డర్లు మార్చేది మాత్రం నేనే, ఎందుకంటే ఇంత చిన్న పనికి ఎవరూ రారు, వచ్చినా "రేపొస్తా మేడమ్" అంటరు. మీరంతా టెర్మినల్ గురించే మాట్లాడుతున్నరు గానీ నాకు అసలు కష్టం అక్కడ లేదు. వైరు పొడవు సరిపోదు! మాది పాత ఇల్లు. హోల్డర్ మార్చిన ప్రతిసారీ కాలిన కొన కోసేసి కొత్తగా ఒలుస్తరు. కోసీ కోసీ ఇప్పుడు రౌండ్ బ్లాక్‌లోంచి (హోల్డర్ వెనక సీలింగ్‌కి ఉండే గుండ్రటి దిమ్మ) వేలెడంత వైరు కూడా బయటికి రాదు. దాని మీద ఏళ్ళ తరబడి వంద వాట్ల బల్బు కాగీ కాగీ తొడుగంతా పెళుసైపోయింది, వంచితే రాలిపోతుంది. అంత పొట్టి వైరుతో హోల్డర్‌ని సీలింగ్‌కి ఆనించి పట్టుకుని, ఆ సందులోంచి స్క్రూ బిగించాలంటే ఎట్ల?

నాకు కావాల్సింది ఏంటంటే, ముందు బేస్‌ని పైన బిగించుకోవాలి, తర్వాత రెండు చేతులు ఖాళీగా పెట్టుకుని ఎదురుగా కనిపించే టెర్మినల్‌లో వైరు పెట్టుకోవాలి. ఇప్పుడున్న వాటిల్లో టెర్మినల్ వెనకవైపు, సీలింగ్ మొహాన ఉంటుంది. అది ఎవరి ఆలోచనో గానీ దండం పెట్టాలి.

వైర్‌మ్యాన్_తెనాలి

సరితగారు నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. మేము రోజూ చేస్తాం కాబట్టి అలవాటైపోయింది, కష్టమని కూడా అనిపించదు. ఒక్క మాట మేడమ్, స్విచ్ ఆపితే చాలనుకోకండి, మెయిన్ ఆపండి. పాత ఇళ్ళల్లో స్విచ్‌ని ఫేజ్‌లో కాకుండా న్యూట్రల్‌లో కట్టినవి నేను చాలా చూశాను. బల్బు ఆరుతుంది, హోల్డర్‌లో మాత్రం ఫేజ్ అలాగే ఉంటది. స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ సన్నగా మినుకుమంటోందని ఫోన్ చేస్తారే, అందులో కొన్ని ఈ కేసులే.

ఒసాకా_ప్రవాసి

సరిత గారు అడిగిందే ఇక్కడ జపాన్‌లో ప్రతి ఇంట్లోనూ ఉంది. సీలింగ్‌కి చిన్న బేస్ శాశ్వతంగా బిగించి ఉంటుంది, మధ్యలో రెండు వంపు చీలికలు. లైటుకి ఉన్న రెండు కొక్కేల్ని వాటిలో పెట్టి కొంచెం తిప్పితే పట్టేసుకుంటుంది, కరెంటూ వస్తుంది, లైటు బరువునీ అదే మోస్తుంది. మామూలు రకాలకి 5 కిలోల దాకా పరిమితి. అద్దె ఇల్లు దిగేటప్పుడు చాలాచోట్ల లైట్లు ఉండవు, ఖాళీ బేసులే ఉంటాయి. ఎవరి లైట్లు వాళ్ళు తెచ్చుకుని తగిలించుకోవడమే, వెళ్ళేటప్పుడు పట్టుకుపోవడమే. గోడ లోపలి వైరింగ్ ముట్టుకోవాలంటే ఇక్కడ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే కావాలి, కాబట్టి వాళ్ళ పనికీ మన పనికీ మధ్య గీత సరిగ్గా ఆ బేస్ దగ్గరే గీశారు. ఫ్రాన్సులో కూడా ఇలాంటి ప్లగ్గు పద్ధతే ఉంది, కొత్త ఇళ్ళల్లో సీలింగ్ పాయింటుకి పెడతారు.

ఇంకో సంగతి. బాలానగర్ గారూ, మీరు ఎంచుకున్న ఐటమ్‌కి ఈ ఊళ్ళో పెద్ద చరిత్రే ఉంది. పానసోనిక్ మొదలైంది సాకెట్‌తోనే. కొనొసుకె మత్సుషిత అనే కుర్రాడు 1910లో, పదిహేనేళ్ళ వయసులో, ఒసాకా కరెంటు కంపెనీలో వైరింగ్ హెల్పర్‌గా చేరాడు. పని చేస్తూ చేస్తూ తనే ఒక మెరుగైన సాకెట్ తయారు చేసి పై అధికారికి చూపిస్తే, ఇది పనికిరాదు పొమ్మన్నాడాయన. 1917లో ఉద్యోగం మానేసి సొంతంగా మొదలెట్టాడు. అప్పుడు తెలిసిందేంటంటే, సాకెట్ ఆకారం మనసులో ఉంది గానీ దాని బాడీకి వాడే ఇన్సులేటింగ్ పదార్థం ఎలా కలుపుతారో తనకి తెలియదు! అది నేర్చుకుని సాకెట్లు చేసి ఊరంతా తిరిగితే వంద దాకా అమ్ముడయ్యాయి, పది యెన్లు కూడా రాలేదు. ఇంట్లో బట్టలు తాకట్టు పెట్టే పరిస్థితి వచ్చింది. చివరికి ఆదుకున్నది సాకెట్ కాదు. ఫ్యాన్ల కంపెనీ ఒకటి వెయ్యి ఇన్సులేటర్ ప్లేట్లు చేసిపెట్టమంది, ఆ ఆర్డరుతో నిలబడి 1918లో కంపెనీ పెట్టాడు.

ఎంసీబీ_రావు

అంటే బాలానగర్ గారు స్విచ్ ప్లేట్ల ఆర్డర్లు మాత్రం వదులుకోకూడదన్నమాట.

బాలానగర్_మౌల్డ్

రావుగారూ 😀 మా నాన్న కూడా అదే అంటున్నారు.

సరిత గారి మాట, ఒసాకా గారి మాట కలిపి చూస్తే డిజైన్‌ని రెండు ముక్కలు చేయడమే దారి అనిపిస్తోంది. కింద, అంటే సీలింగ్‌కి ఆనే వైపు బేస్, దానిలో లివర్ టెర్మినళ్ళు, అన్నీ మనవైపే చూస్తూ. దాని మీద బల్బు పట్టే హోల్డర్ భాగం, అదే పై ముక్క, తిప్పితే లాక్ అయ్యేలా. దీనివల్ల హోల్డర్ పాడైతే పై ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు, వైరు కోయక్కర్లేదు.

మాస్టారు_ఏలూరు

ఇప్పుడు దారిలో పడ్డావు. మూడు సంగతులు చెప్తాను, ఓపిగ్గా చదువు.

మెటీరియల్ దగ్గర నువ్వు తొందరపడ్డావు. పాలికార్బొనేట్ 145 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. బయొనెట్ హోల్డర్లకి ఐఈసీ 61184 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అందులో టీ1 అంటే 165 డిగ్రీలు, టీ2 అంటే 210 డిగ్రీలు తట్టుకోవాలి. అంత వేడి ఎక్కడ వస్తుందంటే ఫిలమెంట్ బల్బు తల కిందకి వేలాడేటప్పుడు టోపీ (హోల్డర్‌లో దూరే లోహపు భాగం) దగ్గర వస్తుంది. ఇప్పుడంతా ఎల్‌ఈడీలే కదా అంటావు. నీ హోల్డర్ ఎవరో పూజ గదిలోనో కోళ్ళ ఫారంలోనో బిగిస్తారు, అక్కడ ఫిలమెంట్ బల్బే పెడతారు. కోడిపిల్లలకి వెచ్చదనం కోసం కోళ్ళ ఫారంలో రాత్రంతా వెలుగుతుంది కూడా. కాబట్టి పై ముక్క బేకలైట్‌లోనో గ్లాస్ ఫైబర్ కలిపిన పీబీటీ అనే ప్లాస్టిక్‌లోనో పోయించు. బేస్ ముక్క మంట ఆర్పుకునే గ్రేడ్ పాలికార్బొనేట్ అయితే నాకు అభ్యంతరం లేదు. అయితే ఒకటి, బేకలైట్‌కి నీ ఇంజెక్షన్ మెషీన్ ఉన్నదున్నట్టు పనికిరాదు. కంప్రెషన్ మౌల్డింగ్ కావాలి, వేడికి గట్టిపడే పదార్థం అది, మళ్ళీ కరగదు. సందేహం ఉంటే మీ పక్కనే సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, 1968 నుంచీ డైల పనే నేర్పుతున్నారు అక్కడ, ఒకసారి వెళ్ళి అడుగు.

తర్వాతది కరెంటు. తొమ్మిది వాట్ల బల్బుకి 230 వోల్టుల దగ్గర లెక్కేస్తే 0.04 ఆంపియర్లు. వంద వాట్ల ఫిలమెంట్‌కి 0.43. ఇంత చిన్న కరెంటుకి పెద్ద టెర్మినల్ ఎందుకనిపిస్తుంది. మనవాళ్ళు న్యూట్రల్‌ని హోల్డర్ నుంచి హోల్డర్‌కి లూప్ చేస్తారు. హాల్లో హోల్డర్ దగ్గర ఉన్న న్యూట్రల్ టెర్మినల్ మీదుగా వెనక గదుల లైట్లూ ఫ్యాన్లూ అన్నీ నడుస్తుంటాయి. అది వదులైతే వెనకున్నవన్నీ ఆరిపోతాయి, లేదా ఆరకుండా అక్కడ కాలుతూ ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. అందుకని టెర్మినల్ మొత్తం సర్క్యూట్ కరెంటు మోయాలి, 6 ఆంపియర్లకి తగ్గకూడదు. బెజ్జాలు అటు రెండు ఇటు రెండు కాదు. ఫేజ్‌కి రెండు చాలు, న్యూట్రల్‌కి మూడు పెట్టు. రెండు ముక్కల డిజైన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది కూడా ఇదే, పై ముక్క తీసేసినా లూప్ బేస్‌లోనే ఉంటుంది కాబట్టి వెనక గదుల్లో లైట్లు పోవు.

చివరిది ప్లంజర్. కొన్ని హోల్డర్లు విప్పి చూస్తే ప్లంజర్ లోపల స్ప్రింగులోంచే కరెంటు పోతుంటుంది. స్ప్రింగు వేడెక్కి బిగువు పోతుంది, ప్లంజర్ లోపలికి దిగిపోతుంది, బల్బు లూజుగా ఆడుతుంది, చిటచిటలాడి నల్లబడుతుంది. అప్పుడు మనం స్క్రూడ్రైవర్‌తో ప్లంజర్‌ని పైకి లాగి ఇంకో రెండు నెలలు నడిపిస్తాం. కరెంటుకి వేరే దారి ఇవ్వు, స్ప్రింగు తోయడానికి మాత్రమే.

డాలస్_శీను

మాస్టారి పోస్ట్ ప్రింట్ తీసి గోడకి అంటించుకోవాలి.

అమెరికా సంగతి నేను చెప్తా. ఇక్కడ మరలాగా తిప్పే హోల్డర్లు, ఈ26, 120 వోల్టులు. గరాజ్ సేల్‌లో పాత టేబుల్ ల్యాంపులు కొని సాకెట్ మార్చడం నాకు పిచ్చి. సాకెట్‌కి రెండు స్క్రూలుంటాయి, ఇత్తడి రంగుది ఫేజ్‌కి, వెండి రంగుది న్యూట్రల్‌కి. వైరులో కూడా న్యూట్రల్ వైపు తొడుగు మీద గీతలుంటాయి, చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది. మరల హోల్డర్‌లో ఇది తప్పనిసరి, ఫేజ్ నడి మధ్య బొడిపెకి వెళ్ళాలి, చుట్టూ ఉన్న మరకి న్యూట్రల్. తారుమారైతే బల్బు వెలుగుతుంది, కానీ బల్బు తిప్పుతూ వేలు ఆ లోహానికి తగిలిందంటే షాకే. మన బి22లో రెండు పిన్నులూ ఒకేలాంటివి కాబట్టి బల్బుకి తేడా లేదు. అయినా బాలానగర్ గారూ, బేస్ మీద ఫేజ్‌కి ఎల్, న్యూట్రల్‌కి ఎన్ అని గుర్తులు అచ్చులోనే దిగేలా పెట్టండి. మీ బేస్ మీదకి రేపు ఈ27 (మన దగ్గర దొరికే మర రకం) పై ముక్క కూడా చేయొచ్చు, అప్పుడు అవసరమవుతుంది. డెకరేటివ్ లైట్లు చాలావరకు ఆ రకమే కదా.

ఇక్కడి వైరింగ్‌లో నాకు నచ్చే ఇంకోటి ముడి. వైరు రెండు పాయల్నీ సాకెట్ టోపీ లోపల ఒక పద్ధతిలో ముడేస్తారు, ఎవరైనా వైరు పట్టి లాగితే బరువు ముడి మీద పడుతుంది, స్క్రూల మీద పడదు. వేలాడే హోల్డర్ చేసే ఆలోచన ఉంటే ఇది మర్చిపోవద్దు.

అన్నిటికంటే తేలిక వైరింగ్ కావాలంటే క్రిస్మస్ లైట్ల సాకెట్లు చూడాలి. వైరు ఒలవడం కూడా లేదు. సాకెట్ వెనక రెండు సూది మొనలుంటాయి, చదునైన జంట వైరుని గాడిలో పెట్టి మూత జరిపితే మొనలు తొడుగుని గుచ్చుకుని రాగికి తగులుతాయి. నిమిషంలో అయిపోతుంది.

వైర్‌మ్యాన్_తెనాలి

పెళ్ళి పందిళ్ళ సీరియల్ సెట్లకి అది బ్రహ్మాండం. ఇంటి సీలింగ్‌కి మాత్రం వద్దండి. గుచ్చిన చోటు మన వానాకాలం తేమకి పచ్చగా చిలుము పట్టుద్ది. పైగా మన పైపుల్లో వచ్చేది జంట వైరు కాదు, విడివిడి వైర్లు.

సరిత_కరీంనగర్

శీను గారు మర గురించి అంటే గుర్తొచ్చింది. పై ముక్క తీసేసినప్పుడు బేస్‌లో కరెంటు ముక్కలు బయటికి కనిపిస్తయా? మా చిన్నోడికి అల్మారా ఎక్కే అలవాటు ఉంది.

బాలానగర్_మౌల్డ్

కనిపించవండి. బేస్‌లో రెండు సన్నటి చీలికలే, రాగి పట్టీలు వాటి లోపల బాగా లోతుగా ఉంటాయి. రేకులు పై ముక్కకి ఉంటాయి, అంటే కరెంటు లేని వైపుకి. వేలు పట్టదు. టెస్టర్ మొన మాత్రం పట్టేలా లివర్ పక్కన చిన్న బెజ్జం వేరే ఇస్తున్నా, ఫేజ్ ఉందో లేదో చూసుకోవడానికి.

ట్రూప్‌బజార్_కౌంటర్

నేను కౌంటర్ వెనక నుంచి మాట్లాడతా అన్నా. మీరు చెప్పే రెండు ముక్కల మాల్ మంచిదే, కానీ కొనేది ఎవరు అన్నది చూడండి. అపార్ట్‌మెంట్ కాంట్రాక్టర్ వంద హోల్డర్లు తీసుకుంటే ఒక్కో దాని మీద రెండు రూపాయల కోసం అరగంట బేరమాడతాడు. లైట్ ఎవరు మారుస్తారో, ఎన్నేళ్ళ తర్వాత మారుస్తారో ఆయనకి అక్కర్లేదు. మీ గిరాకీ సరిత మేడమ్ లాంటివాళ్ళు, ఒకటి రెండు కొనేవాళ్ళు. వాళ్ళకి పది రూపాయలు ఎక్కువైనా చెప్పేవాడుంటే తీసుకుంటారు. డబ్బాలో కాకుండా బేస్, పై ముక్క విడివిడిగా కనిపించే ప్యాకింగ్ ఇవ్వండి, నేను కౌంటర్ మీదే తిప్పి చూపిస్తా. పై ముక్కలు విడిగా కూడా అమ్మాలి. అది లేకపోతే మొత్తం దండగ, ఎందుకంటే రెండేళ్ళ తర్వాత పై ముక్క దొరకదని తెలిస్తే ఎవడూ కొనడు.

ఐఎస్ఐ మార్కు లేకుండా మాత్రం నా దగ్గరికి రాకండి, బయొనెట్ హోల్డర్లకి ఐఎస్ 1258 ఉంది.

మాస్టారు_ఏలూరు

ఆయన చెప్పింది విను. ఒలిచే కొలత కూడా బేస్ మీదే గాడిలా ఇవ్వు. ప్యాకెట్ మీద 11 మి.మీ. అని రాస్తే ఎవడూ స్కేలు తీసుకుని స్టూలెక్కడు. ఎక్కువ ఒలిస్తే రాగి బయట కనిపిస్తుంది, తక్కువ ఒలిస్తే స్ప్రింగు తొడుగుని పట్టుకుని కూర్చుంటుంది, వైరు లాగితే రాదు గానీ కరెంటు సరిగ్గా అందదు. కనిపెట్టడం కష్టం. బేస్ మూత పారదర్శకంగా ఉంటే ఇంకా మంచిది, రాగి పట్టీ దాకా వెళ్ళిందో లేదో కంటితో చూడొచ్చు.

ఇంకోటి, పాత ఇళ్ళల్లో అల్యూమినియం వైరు ఇంకా ఉంది. దాన్ని ఈ టెర్మినల్‌లో పెట్టకూడదని ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో వేయించు.

బాలానగర్_మౌల్డ్

మూత పారదర్శకంగా చేయడం పాలికార్బొనేట్‌తో తేలికే, అదే రంగు కలపకుండా పోస్తే సరి. ఇప్పటికి ఇలా మారింది: రెండు ముక్కలు, లివర్ టెర్మినళ్ళు, ఫేజ్‌కి రెండు న్యూట్రల్‌కి మూడు, పై ముక్క బేకలైట్, అది బయట కంప్రెషన్ షాపులో పోయిస్తాను. వ్యాసం 90 మి.మీ. దాకా వస్తోంది.

వైర్‌మ్యాన్_తెనాలి

వ్యాసం పెరిగితే ఒక లాభం ఉందండి, పాత రౌండ్ బ్లాక్ చుట్టూ ఉండే సున్నం మరక కూడా కప్పేస్తది. కానీ స్క్రూ బెజ్జాల మధ్య దూరం ఎంత పెట్టారు? పాత బ్లాక్‌కి ఉన్న బెజ్జాలకి కలవకపోతే సరితగారు సీలింగ్‌లో డ్రిల్లు వేయాలి. అప్పుడు మీ లివర్లు, పారదర్శకాలు అన్నీ పక్కకి పోతాయి.

ట్రూప్‌బజార్_కౌంటర్

కరెక్ట్ పాయింట్. కంపెనీ కంపెనీకీ ఆ దూరం వేరే. రిటర్న్‌లు ఎక్కువ వచ్చేది దీనికే.

బాలానగర్_మౌల్డ్

గుండ్రటి బెజ్జాలు కాకుండా పొడవాటి గాడీలు ఇస్తాను, స్క్రూ అటూ ఇటూ జరిగేలా. కౌంటర్ అన్నా, మీ దగ్గర నడిచే రకాలు ఒక్కోటి పక్కన పెట్టండి, శనివారం వచ్చి కొలతలు తీసుకుంటాను. డబ్బులిచ్చే కొంటాలెండి.

సరిత_కరీంనగర్

మొదటి లాట్ వస్తే నాకు ఒకటి పంపండి. మా వరండాలోది తిప్పితే చేతికే వచ్చేస్తుంది ఇప్పుడు.